లోగోలకు పర్మిషన్, పాఠాలకు లైసెన్స్: హనుమకొండలో మా గ్రూపు సైట్‌కు ఏం చేయాలి?

ఓరుగల్లు_పెంగ్విన్
హనుమకొండలో మేం కొంతమందిమి కలిసి ఉబుంటు, లిబ్రెఆఫీస్, పైథాన్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్ మీద తెలుగులో పాఠాలు రాసి ఒక సైట్‌లో పెడుతున్నాం. అందరం ఉద్యోగాలు, చదువుల మధ్య చేస్తున్న పనే. ఈమధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ పెడదామని వెళ్తే, అక్కడి హెచ్‌ఓడీ సార్ మా హోమ్ పేజీ చూసి ముందుగా అడిగింది ఒకటే: "పైన ఇన్ని లోగోలు పెట్టారు, ఆ సంస్థలు మీకు పర్మిషన్ ఇచ్చాయా?" ఉబుంటు, డెబియన్, పైథాన్, ఫైర్‌ఫాక్స్ లోగోలు మా గ్రూపు పేరు పక్కనే వరసగా ఉన్నాయి. సార్ అడిగిన దాంట్లో తప్పు లేదు. చూసినవాళ్లకు వాళ్లంతా మా వెనక ఉన్నారనే అనిపిస్తుంది.

ఇంకో సమస్య ఉంది, నాకు ఎక్కువ బాధ దాని గురించే. ఒక కోచింగ్ సెంటర్ మా పాఠాలను ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి పిల్లలకు అమ్ముతోంది. రాసినవాళ్ల పేర్లు తీసేశారు. అదే సమయంలో ములుగు వైపు ఒక సర్కారు బడి టీచర్ "మీ పాఠాలు ప్రింట్ తీసి పిల్లలకు ఇవ్వొచ్చా?" అని మర్యాదగా మెయిల్ పెట్టారు. సైట్‌లో లైసెన్స్ గురించి ఒక్క ముక్క కూడా లేదు కాబట్టి ఆమెకు ఏం చెప్పాలో ఎవరికీ తోచలేదు.

మా సొంత లోగో సంగతి కూడా తేల్చాలి. కాకతీయ తోరణం కింద పెంగ్విన్ నిలబడి ఉంటుంది. గీసిన తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
ఓపెన్ సోర్స్ అంటేనే ఎవరైనా వాడుకోవచ్చు గదా. కోడ్ మొత్తం చేతిలో పెట్టినోళ్లు బొమ్మ ఒక్కటి ఇయ్యరా? సార్ ఊరికే టెన్షన్ పెట్టిండు.

డెబియన్_దోస్త్
@కాజీపేట_జంక్షన్ కోడ్ ఇచ్చారు, పేరు ఇవ్వలేదు. ఈ రెండింటికీ చట్టాలు వేరు. కోడ్, పాఠం, బొమ్మ కాపీరైట్ కిందకు వస్తాయి. ఒక పేరు, ఒక గుర్తు చూసి "ఇది ఫలానా వాళ్లది" అని జనం నమ్మడం ట్రేడ్‌మార్క్ కిందకు వస్తుంది. జీపీఎల్ లాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మొదటిదాని గురించే మాట్లాడుతుంది.

దీనికి ఫైర్‌ఫాక్స్ గొడవను మించిన ఉదాహరణ లేదు. 2006లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు, లినక్స్ పంచే డెబియన్ ప్రాజెక్టుతో, ఫైర్‌ఫాక్స్ అన్న పేరు వాడితే మా లోగో కూడా వాడాలి, మీరు చేసే మార్పులు మాకు చూపించాలి అన్నారు. ఆ లోగో బొమ్మ లైసెన్స్ డెబియన్ నియమాలకు కుదరలేదు. దాంతో డెబియన్ అదే బ్రౌజర్‌ను ఐస్‌వీసెల్ అనే పేరుతో ఇచ్చింది. 2016లో మాట కుదిరి మళ్లీ ఫైర్‌ఫాక్స్ పేరు వచ్చింది. పదేళ్ల పాటు కోడ్ చేతిలో ఉంది, పేరు మాత్రం లేదు.

గోదావరిఖని_కోడ్
సెంటోస్ అనే లినక్స్ కథ కూడా అదే. రెడ్ హ్యాట్ కంపెనీ కోడ్ తీసుకుని, అందులోంచి రెడ్ హ్యాట్ పేరు, లోగోలు అన్నీ తీసేసి విడుదల చేసేవాళ్లు. ఒక దశలో సైట్‌లో ఆ పేరు కూడా రాయకుండా "ఎగువ సంస్థ" అని రాసుకున్నారు.

కాజీపేట_జంక్షన్
సరే, కానీ ఇదంతా పెద్ద సంస్థలు పెద్ద సంస్థలతో పడే పంచాయితీ. హనుమకొండ చౌరస్తాలో కూర్చుని పిల్లలకు ఫ్రీగా చెప్పేవాళ్ల మీద ఎవడు కేసు వేస్తాడు?

లాయరక్క_సుబేదారి
కేసు పడుతుందా లేదా అన్నది పక్కన పెట్టు తమ్మీ. ఆ కాలేజీ సార్‌కు కావాల్సింది కేసు పడదన్న ధైర్యం కాదు. ఎవరి పేరును ఎవరు వాడుకుంటున్నారన్నది ఆయనకు స్పష్టంగా కనపడాలి.

ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో సెక్షన్ 30 ఉంది. ఒక వస్తువు గురించి చెప్పడానికి, వ్యాపార మర్యాద దాటకుండా, నిజాయితీగా దాని పేరు వాడితే తప్పు లేదు. "ఇది ఉబుంటు ఇన్‌స్టాల్ చేసే పాఠం" అని రాయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. అదే లోగోను మీ గ్రూపు పేరు పక్కన హెడర్‌లో పెడితే, మీరు వాళ్ల శాఖ అనో, వాళ్లు మీకు స్పాన్సర్ అనో అర్థం వస్తుంది. చిక్కు అక్కడే. పెంగ్విన్, హెడర్‌లోంచి ఆ వరస మొత్తం తీసేయి. పాఠం లోపల, ఆ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పే చోట మాత్రమే పెట్టు.

గోదావరిఖని_కోడ్
అక్కకు +1. ప్రతి ప్రాజెక్టుకూ ట్రేడ్‌మార్క్ పాలసీ అని ఒక పేజీ ఉంటుంది, అది చదివితే సగం అనుమానాలు పోతాయి. ఉబుంటు ట్రేడ్‌మార్క్ కెనానికల్ అనే కంపెనీ చేతిలో ఉంది. చర్చకు, ప్రచారానికి కమ్యూనిటీ ఆ గుర్తులు వాడుకోవచ్చని వాళ్ల పాలసీలోనే ఉంది. కాకపోతే వ్యాపారం చేయకూడదు, ఉబుంటు తరఫున అధికారికంగా మాట్లాడుతున్నట్టు కనపడకూడదు. పైథాన్ గుర్తు పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ది. మేం టీషర్టులు వేయించే ముందు వాళ్లకు మెయిల్ రాశాం. ఏం ప్రింట్ చేస్తున్నాం, ఎవరికి ఇస్తున్నాం, డబ్బులు తీసుకుంటున్నామా లేదా అన్నది డిజైన్‌తో సహా పంపాం. మర్యాదగా జవాబు వచ్చింది. అడగడానికి మనవాళ్లు ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. సైట్ అడ్రస్‌లో వర్డ్‌ప్రెస్ అన్న పేరు పెట్టుకోకూడదని వాళ్ల ఫౌండేషన్ నియమం.

పరకాల_పత్తి
డెబియన్ లోగో సంగతి?

డెబియన్_దోస్త్
@పరకాల_పత్తి డెబియన్‌కు రెండు లోగోలు ఉన్నాయి. మనందరికీ తెలిసిన ఎర్ర సుడి ఓపెన్ లోగో. దాని బొమ్మ ఎల్‌జీపీఎల్ 3 లేదా సీసీ బై-ఎస్ఏ 3.0 (క్రియేటివ్ కామన్స్ లైసెన్స్: పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్స్ ఇవ్వాలి) కింద ఉంది, వాడుకోవచ్చు. సీసాలోంచి సుడి వచ్చేది ఇంకొకటి ఉంది, అది డెబియన్ అధికారిక పనులకు మాత్రమే. సైట్‌లో పెట్టేవాళ్లు మొదటిదే తీసుకోండి. వాళ్ల సైట్‌లో ఎస్‌వీజీ ఫైల్ ఉంది. గూగుల్ ఇమేజెస్‌లో దొరికిన మసక పీఎన్‌జీ పెట్టకండి.

కాజీపేట_జంక్షన్
లినక్స్ అన్న మాట కూడా ఒకరి సొత్తేనా మరి?

గోదావరిఖని_కోడ్
అవును. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ట్రేడ్‌మార్క్. 1990ల మధ్యలో అమెరికాలో లినక్స్‌తో ఏ సంబంధమూ లేని ఒకాయన ఆ పేరును తన పేరున రిజిస్టర్ చేయించుకుని, లినక్స్ కంపెనీలను రాయల్టీ అడిగాడు. 1997లో రాజీ కుదిరి పేరు లైనస్‌కు వచ్చింది. ఇప్పుడు లినక్స్ ఫౌండేషన్ చూసుకుంటోంది. పేరుకు కాపలా లేకపోతే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. అందుకే ఈ పాలసీలను చూసి నాకు కోపం రాదు.

మడికొండ_మౌస్
పెంగ్విన్ బొమ్మ?

డెబియన్_దోస్త్
లినక్స్ పెంగ్విన్ పేరు టక్స్. దాన్ని 1996లో ల్యారీ ఎవింగ్, గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీశాడు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరైనా అడిగితే తన పేరు, గింప్ పేరు చెప్పండి, అంతే అన్నాడు. మన దగ్గర ఎవరూ అడగకపోయినా సైట్ అడుగున ఆ పేరు రాసి పెట్టడం మర్యాద.

మడికొండ_మౌస్
మే నెల ఓరుగల్లు ఎండకు పెంగ్విన్ బతకాలంటే తోరణం నీడ ఉండాల్సిందే. లోగో మస్తు ఉంది, మార్చకండి 🙂

వేయిస్తంభాల_వీధి
తోరణం వాడొచ్చా అసలు? అది రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో ఉంది కదా.

లాయరక్క_సుబేదారి
మంచి ప్రశ్న. కోటలో నిలబడి ఉన్న తోరణం కాకతీయుల కాలం నాటిది, దానికి కాపీరైట్ ఏమీ లేదు. కోటకు వెళ్లి చూసి ఎవరైనా గీసుకోవచ్చు. ఇంకొకరు గీసిన తోరణం బొమ్మకు, ఇంకొకరు తీసిన ఫోటోకు మాత్రం కాపీరైట్ ఉంటుంది. దాని మీద ట్రేసింగ్ పెట్టి గీస్తే అది ఆ ఫోటోగ్రాఫర్ పనిని తీసుకున్నట్టే.

ఇక ప్రభుత్వ చిహ్నం. 2014లో వచ్చిన తెలంగాణ చిహ్నంలో కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్ ఉన్నాయి. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం 1950 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ చిహ్నాన్ని వ్యాపారానికి వాడకూడదు. మీది వ్యాపారం కాకపోయినా, గుండ్రటి పచ్చ ముద్ర మధ్యలో తోరణం పెట్టి సర్కారు ముద్రలా కనపడేట్టు చేయకండి. రంగు, ఆకారం వేరుగా ఉండాలి. తోరణం ఓరుగల్లుది, దాన్ని వదులుకోమని నేను చెప్పను.

ఓరుగల్లు_పెంగ్విన్
మాది నలుపు తెలుపు గీతలే అక్కా, చుట్టూ వలయం లేదు. తమ్ముడు కోటలో కూర్చుని పెన్సిల్‌తో గీసి, తర్వాత ఇంక్‌స్కేప్‌లో ఎక్కించాడు. ఒరిజినల్ కాగితం కూడా ఉంది.

లాయరక్క_సుబేదారి
ఆ కాగితం జాగ్రత్త. అయితే లోగో మీద హక్కు గీసినవాడిది, గ్రూపుది కాదు. ఉద్యోగంలో భాగంగా గీసి ఉంటే వేరే సంగతి. స్నేహంగా గీసి ఇచ్చాడు కాబట్టి హక్కు అతనిదే. కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. ఆ కాగితంలో ఎన్నేళ్లకు అని రాయకపోతే అయిదేళ్లకే అనుకుంటారు. ఏ ప్రాంతానికి అని రాయకపోతే ఇండియాకే అనుకుంటారు. కాబట్టి రెండూ రాయించు. బదిలీ ఇష్టం లేకపోతే, అతనే సీసీ బై-ఎస్ఏ కింద విడుదల చేస్తున్నానని ఒక మెయిల్ పెట్టినా మీ పని జరుగుతుంది.

కాజీపేట_జంక్షన్
బై-ఎస్ఏ ఇస్తే ఆ కోచింగ్ సెంటర్ వాడు కూడా మన లోగో పెట్టుకుంటాడు కదా!

డెబియన్_దోస్త్
బొమ్మను కాపీ చేయొచ్చు, మేమే ఆ గ్రూపు అని చెప్పుకోవడానికి వాడకూడదు. వికీపీడియాను నడిపే వికీమీడియా అదే చేసింది. 2014లో వికీపీడియా గోళంతో సహా తమ లోగోలను సీసీ బై-ఎస్ఏ కింద పెట్టారు, ట్రేడ్‌మార్క్ పాలసీ మాత్రం అలాగే ఉంచారు.

ఫాంటు_ప్రేమికుడు
లోగోలో అక్షరాలు ఏ ఫాంట్? దీన్ని ఎవరూ అడగరు. డీటీపీ సెంటర్‌లో, కొన్న లైసెన్స్ కీ ఉందో లేదో తెలియని ఫాంట్‌తో అక్షరాలు వేయించి, అది మా ఓపెన్ సోర్స్ లోగో అంటారు. తెలుగులో ఇప్పుడు రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, ధూర్జటి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరుకుతున్నాయి, గూగుల్ ఫాంట్స్‌లోనే ఉన్నాయి. వాటితో లోగో, పుస్తకం, పోస్టర్ ఏదైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఫాంట్ ఫైల్ ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. ఫాంట్‌ను మార్చి మళ్లీ విడుదల చేస్తే, రిజర్వ్ చేసిన పేరు ఉంటే ఆ పేరు వాడకూడదు. ఇక్కడ కూడా పేరు దగ్గరే కంచె ఉంది చూడండి.

ఓరుగల్లు_పెంగ్విన్
రామభద్రే. బతికిపోయాం.

లోగోల సంగతి అర్థమైంది. ఇప్పుడు పాఠాలు. మా గ్రూపులో ఎక్కువమంది ఎన్‌సీ పెడదాం అంటున్నారు, అంటే వ్యాపారానికి వాడకూడదని. కోచింగ్ సెంటర్ గొడవ తర్వాత ఆ కోపం సహజమే.

జగిత్యాల_జావా
ఎన్‌సీ పెట్టండి, రెండో ఆలోచన వద్దు. రాత్రిళ్లు కూర్చుని రాసింది మనం. పేరు చెరిపి అమ్ముకునేవాడికి పర్మిషన్ కాగితం మనమే రాసి ఇవ్వాలా?

తెవికీ_తోవ
@జగిత్యాల_జావా కోపం నాకూ ఉంది. కానీ ఎన్‌సీ దెబ్బ వాడికి తగలదు, మనకు తగులుతుంది. ఎన్‌సీ ఉన్న పాఠంలోంచి ఒక పేరా గానీ, ఒక బొమ్మ గానీ తెలుగు వికీపీడియాలో పెట్టలేం. వికీపీడియా 2009 నుంచి సీసీ బై-ఎస్ఏ, 2023లో 4.0కు మారింది. వికీపీడియా బొమ్మలు ఉండే వికీమీడియా కామన్స్ ఎన్‌సీని, ఎన్‌డీని (మార్చి పంచకూడదనేది) తీసుకోదు. తెలుగులో కంప్యూటర్ గురించి సరైన రాత ఉన్నదే తక్కువ. ఉన్న కాస్తా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లకుండా గోడలు కడితే ఎట్లా?

పేరు చెరపడం సంగతికొస్తే, బై-ఎస్ఏ కింద కూడా అది ఉల్లంఘనే. రాసినవాళ్ల పేర్లు, లింకు, లైసెన్స్ ఉండి తీరాలి. దాన్ని మార్చి పంచితే అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అంటే వాడు అమ్మినా, కొన్న పిల్లవాడు దాన్ని ఫోటోకాపీ తీసి దోస్తులకు ఇవ్వొచ్చు. ఇక వాడు ఎంత ధరకని అమ్ముతాడు?

జగిత్యాల_జావా
@తెవికీ_తోవ చివరి మాట బాగుంది. అయినా మనసు ఒప్పుకోవట్లేదు.

పరకాల_పత్తి
ఎన్‌సీ అయితే జిరాక్స్ షాపు సంగతి? కేయూ క్రాస్ రోడ్డులో పేజీకి ఇంత అని తీసుకుంటారు. అది వ్యాపారం కాదా?

లాయరక్క_సుబేదారి
దాని మీద నిజంగానే కోర్టుల దాకా వెళ్లారు. అమెరికాలో గ్రేట్ మైండ్స్ అనే సంస్థ తన ఎన్‌సీ పాఠాలను బడుల కోసం కాపీ తీసిన ఫెడెక్స్ ఆఫీస్ మీద, తర్వాత ఆఫీస్ డిపో మీద కేసులు వేసింది. 2018లో, 2019లో రెండు అప్పీలు కోర్టులూ షాపుల పక్షానే తీర్పు ఇచ్చాయి. బడి చెప్పిన పని షాపు చేసింది, అంతే అన్నాయి. మన దగ్గర 2016లో ఢిల్లీ హైకోర్టు, ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో, బోధన కోసం తీసిన కాపీలకు సెక్షన్ 52 కింద మినహాయింపు ఉందని చెప్పింది. కానీ ములుగులో ఉన్న ఆ టీచరమ్మ ఈ తీర్పులన్నీ చదివి ప్రింట్ తీసుకోవాలా? ఆమెకు భయం లేకుండా చేయడం మీ చేతిలో ఉంది. నా ఓటు బై-ఎస్ఏ 4.0కే.

ఓరుగల్లు_పెంగ్విన్
ఇప్పుడు లైసెన్స్ ఏమీ లేదు కదా, అంటే ఎవరైనా వాడుకోవచ్చని అర్థమా?

లాయరక్క_సుబేదారి
పూర్తిగా తలకిందులు. ఏమీ రాయకపోతే అన్ని హక్కులూ రాసినవాళ్లవే. కాబట్టి కోచింగ్ సెంటర్ చేసింది ఇప్పుడు మరీ పెద్ద తప్పు. పైగా పేరు తీసేయడం సెక్షన్ 57 కిందకు వస్తుంది. హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది.

డెబియన్_దోస్త్
గ్రూపు పెద్దలు కూర్చుని "రేపటి నుంచి అన్నీ బై-ఎస్ఏ" అని ప్రకటిస్తే చెల్లదు, గుర్తుంచుకోండి. రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. జనం కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012లో సీసీ బై-ఎస్ఏ నుంచి ఓడీబీఎల్ అనే డేటా లైసెన్స్‌కు మారినప్పుడు సభ్యులందరినీ అడిగారు. ఒప్పుకోనివాళ్లు, జవాబు ఇవ్వనివాళ్లు గీసిన రోడ్లు మ్యాప్‌లోంచి తీసేయాల్సి వచ్చింది. జనం ఫోన్ నంబర్లు మారకముందే, ఊళ్లు మారకముందే అడగండి.

జగిత్యాల_జావా
నేను ఆ సైట్‌కు రాసినవాళ్లలో ఒకడిని, పెంగ్విన్ అన్నకు తెలుసు. నా పాఠాల్లో కొన్ని ఒక ఇంగ్లీష్ బ్లాగ్ నుంచి అనువాదం చేసినవి. అనువాదం నాదే కాబట్టి ఒప్పుకోవాల్సింది నేనే కదా?

లాయరక్క_సుబేదారి
అనువాదం చేసే హక్కు కూడా మూల రచయితదే తమ్మీ, సెక్షన్ 14. ఆ బ్లాగ్ లైసెన్స్ ఏంటి?

జగిత్యాల_జావా
బై-ఎన్‌సీ-ఎన్‌డీ అని ఉంది.

తెవికీ_తోవ
ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు. అనువాదం కూడా మార్పే. ఆ బ్లాగర్‌కు ఒక మెయిల్ రాయి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకునే దాకా పాఠం దించేయండి. దానికి బదులు లిబ్రెఆఫీస్ గైడ్లు చూడు. అవి జీపీఎల్ 3 లేదా సీసీ బై కింద ఉంటాయి, పేర్లు ఇచ్చి హాయిగా తెలుగులోకి తెచ్చుకోవచ్చు.

జగిత్యాల_జావా
రాస్తాను. ఇదే పని నాకు ఎవరైనా చేస్తే ఎట్లుంటదో ఆ కోచింగ్ సెంటర్ పుణ్యమా అని తెలిసింది కాబట్టి పేచీ పెట్టను. బై-ఎస్ఏకు కూడా ఒప్పుకుంటున్నా. అయితే పేరు లేకుండా వాడినవాడిని వదలొద్దు, అది నా షరతు.

గోదావరిఖని_కోడ్
పాఠాల్లోని కోడ్ ముక్కలకు బై-ఎస్ఏ పెట్టకండి. సాఫ్ట్‌వేర్‌కు తమ లైసెన్స్‌లు వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు. పిల్లలు పది లైన్ల పైథాన్ కాపీ చేసుకుని ప్రాజెక్టులో పెట్టుకుంటే దానికి క్రెడిట్ లైన్ ఎక్కడ రాస్తారు? మొజిల్లా వాళ్ల వెబ్ పాఠాల సైట్ ఎండీఎన్‌లో రాత బై-ఎస్ఏ 2.5, ఉదాహరణ కోడ్ సీసీ0 (ఏ షరతూ లేకుండా అందరికీ వదిలేయడం). అదే పద్ధతి పెట్టుకోండి.

మడికొండ_మౌస్
స్క్రీన్‌షాట్లు?

గోదావరిఖని_కోడ్
లిబ్రెఆఫీస్, గింప్ కిటికీలైతే ఇబ్బంది లేదు. విండోస్ స్క్రీన్‌షాట్ ఉంటే దాని మీద బై-ఎస్ఏ ఇవ్వడానికి మనకు హక్కు లేదు, "ఈ బొమ్మ తప్ప" అని కింద రాయాలి. వాల్‌పేపర్‌లో సినిమా హీరో ఉంటే మార్చి మళ్లీ తీయండి 😄

ఓరుగల్లు_పెంగ్విన్
ఫుటర్‌కు ఇది రాశాను, చూడండి:

"ఈ సైట్‌లోని పాఠాలు, వేరుగా చెప్పిన చోట తప్ప, క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 కింద ఉన్నాయి. రాసినవాళ్ల పేర్లు ప్రతి పాఠం చివర ఉన్నాయి. ఉదాహరణ కోడ్ సీసీ0. బడులు, కాలేజీలు అడగకుండానే ప్రింట్ తీసుకోవచ్చు, పేర్లు మాత్రం తీయకండి. ఉబుంటు, పైథాన్, ఫైర్‌ఫాక్స్, డెబియన్, లినక్స్ పేర్లు, గుర్తులు వాటి యజమానుల ట్రేడ్‌మార్కులు. మా గ్రూపు ఆ సంస్థల శాఖ కాదు. టక్స్ బొమ్మ: ల్యారీ ఎవింగ్, గింప్."

హెడర్‌లోంచి లోగోలు తీసేశాం. రాసినవాళ్లందరికీ మెయిల్ వెళ్లింది. బెంగళూరు తమ్ముడు వెంటనే ఒప్పుకున్నాడు.

లాయరక్క_సుబేదారి
బాగుంది. "లోగో గీసినవారు" అని ఆ తమ్ముడి పేరు కూడా చేర్చు, అందరి పేర్లూ ఉండి అతనిది లేకపోతే ఎట్లా? మెయిల్‌కు జవాబు రానివాళ్ల పాఠాల మీద "ఈ పాఠానికి ఇంకా లైసెన్స్ లేదు" అని పెట్టు, వాళ్ల తరఫున నువ్వు నిర్ణయించకు.

కోచింగ్ సెంటర్‌కు ముందు నోటీసు కాదు, ఉత్తరం పంపుదాం. పేర్లు, లింకు, లైసెన్స్ లైన్ వేసి మళ్లీ ప్రింట్ చేయమని అడుగుదాం. 4.0లో ఒక మంచి సంగతి ఉంది. తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే ఆ లైసెన్స్ కింద పోయిన హక్కులు మళ్లీ వస్తాయి. వాళ్లు ప్రింట్ చేసింది లైసెన్స్ పెట్టకముందు కాబట్టి పాత కాపీలకు అది వర్తించదు, అయినా అదే గడువు మనమూ ఇద్దాం. బైండింగ్ చేసిన కాపీ ఒకటి, మీ పాఠాలు మొదట పెట్టిన తేదీలు కనపడేలా ప్రింట్లు తీసి ఉంచు. డ్రాఫ్ట్ నేను రాసి పంపుతాను, డబ్బులేమీ వద్దు.

జగిత్యాల_జావా
ఉత్తరం మీద నా సంతకం కూడా ఉండాలి అక్కా.

పరకాల_పత్తి
ములుగు టీచర్‌కు జవాబు ఇచ్చారా?

ఓరుగల్లు_పెంగ్విన్
@పరకాల_పత్తి ఇచ్చాం. ఒప్పుకున్నవాళ్ల పాఠాలన్నీ ఒక పీడీఎఫ్‌గా చేసి పంపాం. వాళ్ల ల్యాబ్‌లో ఉబుంటు వెర్షన్ పాతదట, మెనూలు తేడాగా ఉన్నాయి, ఆ స్క్రీన్‌షాట్లు తానే తీసి పంపుతానన్నారు. ఆమె పేరు కూడా రచయితల్లో చేరుస్తున్నాం.